గొంతు బాగానే ఉంది

'కారణం' అన్న మాట పక్కన రెండు గీతల ఖాళీ ఉంది. ఆ రెండు గీతల్లో తన గొంతుకి ఏదో జబ్బుందని రాసిస్తే రేపు సాయంత్రం పాట వేదిక ఎక్కుతుంది, రాయకపోతే ఎక్కదు, ఇంతోటి దానికి గంట టైమెందుకిచ్చారో మరి, గంటలో జబ్బు వచ్చి కుదురుకుంటుందనా? నాలుగింటికల్లా రాసి, అడుగున అమ్మ చేత సంతకం చేయించి, ఎదురుగా ఉన్న గరుకు అద్దం తలుపు తోసుకుని లోపల ఇచ్చేయాలి. ఇప్పుడు మూడూ అయిదు. బెంచీకి ఒక కాలు పొట్టి, అమ్మ కదిలినప్పుడల్లా టక్కుమంటోంది. అమ్మ ఒంటిపూట సెలవు పెట్టి బస్ స్టేషను నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది, యూనిఫాం నీలం చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది, నడుముకి వేలాడే తాళాల గుత్తి కూడా బెంచీతో పాటు చప్పుడు చేస్తోంది. ఈ పిల్ల పెదాల మీద ఎప్పుడూ ఏదో ఒక బాణీ ఆడుతూ ఉంటుందని ఇంట్లో గొణుగుడు అని పేరు పెట్టారు, పదహారేళ్ళొచ్చినా ఆ పేరు వదల్లేదు, ఇప్పుడు పేరుకి తగ్గట్టే లోలోపల గొణుక్కుంటోంది. పోటీల కార్యదర్శి మేడమ్ ఎంత తియ్యగా చెప్పింది! "చూడమ్మా, నీకేదైనా ఇబ్బంది ఉందనుకో, దానికి రూల్సులో వెసులుబాటుంది. లేదనుకో, మా చేతిలో ఏం లేదు." ఉందనుకో, లేదనుకో. అనుకుంటే వచ్చే జబ్బయితే ఈ నడవా నిండా రోగులే ఉండేవాళ్ళు.

అసలు వాళ్ళ మంట పాట మీద కాదు, తాము బోల్తా పడ్డందుకు. బడి పిల్లల పాటల పోటీ ఇది, మొదటి విడతలో పాట రికార్డు చేసి పంపాలి, ఎవరి పిల్లో తెలిస్తే మొహమాటాలొస్తాయని న్యాయనిర్ణేతలకి పేర్లు చెప్పరు, నంబర్లే ఇస్తారు. తనది నలభై మూడు. నలభై మూడో నంబరు కాగితం ఇందాక మేడమ్ బల్ల మీద ఉంటే తలకిందులుగానే చదివేసింది, న్యాయనిర్ణేతల్లో తన పాత సంగీతం మాస్టారున్నారు, ఆయన దస్తూరీ ఎలా పెట్టినా గుర్తుపడుతుంది తను. 'శ్వాస మీద ఇంత పట్టున్న బాలికను ముప్ఫై ఏళ్ళలో వినలేదు.' అడుగున రెండు గీతలు కూడా కొట్టారు పాపం. అక్కడే పప్పులో కాలేశారు మాస్టారు. రెండో చరణంలో ఒకే మాట మీద గొంతు నలభై ఒక్క సెకన్లు సాగుతుంది, ఎక్కుతుంది, దిగుతుంది, మెలికలు తిరిగి మళ్ళీ ఎక్కుతుంది, ఎక్కడా ఊపిరి తీసుకోదు. తీసుకోవడానికి ఊపిరితిత్తులుంటే కదా! అది వోకలాయిడ్. కంప్యూటర్లో గళ్ళ మీద బాణీ రాసుకుని, గడి గడికీ ఒక అక్షరం కూర్చితే, ముక్కలు ముక్కలుగా దాచిపెట్టిన ఒక గొంతు ఆ అక్షరాలన్నీ కలుపుకుని పాడుతుంది. ఇందులో దొంగతనమేమీ లేదు, దరఖాస్తులో గాయని అన్న గడిలో ఆ గొంతు పేరే రాసి పంపింది, దరఖాస్తులున్న కవర్లు ఫలితాలయ్యాక గానీ విప్పలేదు వాళ్ళు. విప్పింది మొన్న, ముక్కున వేలేసుకున్నది నిన్న, అమ్మకి ఫోను చేసింది ఈ పొద్దున. పాట పంపిన పిల్ల తన గొంతుతోనే పాడాలట, గొంతుకి జబ్బున్న పిల్లకైతేనే యంత్రం పాడొచ్చట.

పక్కగదిలో ఎవరో పిల్ల రేపటి కోసం సాధన చేస్తోంది. మంచి గొంతే. పైస్థాయికి వెళ్ళే ముందు చిన్న ఊపిరి, ఆ ఊపిరి తలుపు ఇవతలకి కూడా వినిపిస్తోంది, మాస్టారి శిష్యురాలే అయి ఉంటుంది, ఆయన ఊపిరిని ఎప్పుడూ అక్కడే తీసుకోమంటారు. ముఖానికి జానెడు దూరంలో పలచటి కాగితం ముక్క పట్టుకుని పాడమనేవారు, కాగితం అల్లాడకూడదు, అల్లాడితే మళ్ళీ మొదటి నుంచి. ఏడేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా అయిదేళ్ళు పట్టుకుంది తను ఆ కాగితం, ఒక్కనాడూ అల్లాడలేదు, మాస్టారు మిగతా పిల్లలకి చూపించేవారు కూడా. అదే కొంప ముంచింది. గొంతు బాగున్న పిల్ల ఇంట్లో ఉంటే వచ్చిన ప్రతివాళ్ళకీ చెవులు దురద పెడతాయి. ఏదీ, ఒక పాట పాడమ్మా. చెప్పులు విప్పకముందే ఏదీ ఒక పాట పాడమ్మా. పెదనాన్న వచ్చినా అదే, పెదనాన్న గారి ఆఫీసరు వచ్చినా అదే, గ్యాసు పొయ్యి బాగుచేయడానికొచ్చిన మనిషికి కూడా ఒకసారి నిలబెట్టి పాడించారు, ఆయన చేతిలో పానా పట్టుకుని బిక్కమొహం వేసుకుని విన్నాడు, నయం, ఆయనొక్కడికే ఇది తప్పు పని అని తెలిసినట్టుంది. జ్వరం ఉందంటే ఒక్కటేనమ్మా అనేవాళ్ళు. ఏడుపొస్తోందంటే ఏడుపు పాటే పాడమనేవాళ్ళు, నవ్వేవాళ్ళు. పన్నెండేళ్ళు నిండిన పుట్టినరోజున ఇంటి నిండా జనం, అత్తయ్య భుజాలు పట్టుకుని ముందుకి తోసింది, తను నోరు తెరిచింది, అందరూ ఎదురు చూస్తున్నారు, తెరిచిన నోరు మూసేసింది. అంతే. గొంతు పోలేదు, భయం వేయలేదు, ఎవరూ ఏమీ అనలేదు కూడా. ఇవ్వాలనిపించలేదు, ఇవ్వలేదు. ఆ మర్నాటి నుంచి ఎన్ని పరీక్షలు చేయించారో, లైటు పెట్టి చూసిన డాక్టరు ప్రతిసారీ ఒకటే మాట, బ్రహ్మాండంగా ఉందండీ. ఆ మాట విన్నప్పుడల్లా అందరి మొహాలూ ఎలా వాడిపోయేవో! జబ్బయితే క్షమించేవాళ్ళు కదా పాపం.

నడవా చివర నీళ్ళ యంత్రం గుడగుడమంది. ఏ యంత్రం చప్పుడు చేసినా ఇందులో ఏ స్థాయి ఉందా అని వెతుక్కోవడం అలవాటైపోయింది, ఆ చెడ్డ అలవాటు తగిలించింది క్లాసులో పక్కబెంచీ పిల్ల, బడి బస్సులో, ఇద్దరి మధ్యా ఒకే ఇయర్‌ఫోన్ల జత, ఎడమది ఆ పిల్లకి, కుడిది తనకి. తొమ్మిదో క్లాసు. ఇది విను, నచ్చకపోతే తిట్టు, అంది. నచ్చలేదు. సన్నటి గొంతు, గాజు గిన్నె అంచు మీద తడివేలు తిప్పితే వచ్చే చప్పుడులా, ఏ ఊరిదో ఏ వయసుదో తెలియని గొంతు, పరుగో పరుగు, మాటకీ మాటకీ మధ్య సూది పట్టదు. బాణీ చూస్తే తిరునాళ్ళకి పోతున్నంత హుషారు, కింద మాటల అర్థం చదివితే ఒక పిల్ల రోజూ బడి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేస్తూ ఉంటుంది, వాళ్ళమ్మకి తెలియదు, అంతే పాట. ఇంటికెళ్ళాక మళ్ళీ విన్నది. మర్నాడు బస్సులో తానే చెయ్యి చాపి ఇయర్‌ఫోన్ అడిగింది. తరవాత ఏముంది, క్లాసు క్లాసంతా అదే గోల, అన్నం గంటలో ఆ పరుగు పాటలు నాలుక తడబడకుండా ఎవరు చివరిదాకా అంటారో పందాలు, అర్థం తెలియకపోయినా అక్షరం పొల్లుపోకుండా, లెక్కల టీచరు కిటికీలోంచి చూసి వీళ్ళకేదో పూనిందనుకుంది. మావయ్య అయితే ఒక్క నిమిషం విని, దోమకి జలుబు చేసినట్టుందే అన్నాడు. అననీ. దోమకేం తెలుసు, మావయ్యకేం తెలుసు! ఆ గొంతు ఎప్పుడూ మా కాలంలో అనదు. నీ వయసులో నేను అనదు. ఇంతకు మించిన కష్టాలు చూశాం అనదు. దానికొక కాలం లేదు, వయసు లేదు, మనల్ని బాగుచేద్దామన్న సరదా లేదు. నువ్వు బడి గేటు నుంచి వెనక్కి వచ్చేశావా, సరే, ఆ మాటే పాడతాను అంటుంది. పాట కింద ఎక్కడెక్కడి పిల్లలో ఏవేవో భాషల్లో రాస్తారు, అనువాదం నొక్కి చూస్తే అందరూ ఒకటే రాసి ఉంటారు, నా గురించి ఎవరు చెప్పారు దీనికి అని. ఆ పాటలు చేసినవాళ్ళలో సగం మంది మొహాలు కూడా ఎవరికీ తెలియవు, తలుపేసుకుని గదిలో కూర్చుని చేసి, తలుపు తీయకుండానే లోకమంతా వినిపించేస్తారు. ఎవరూ భుజాలు పట్టుకుని ముందుకి తోయరు. ఆ సంగతి అర్థమైన రోజు తనకి ఒళ్ళు జల్లుమంది, పాడకుండా పాట ఇవ్వొచ్చన్నమాట.

"రాసేయరాదుటే," అంది అమ్మ, కాగితం వైపు చూడకుండా. "రెండు ముక్కలు. దానికింత ఆలోచనేంటి?"

రెండు ముక్కలే. పదిహేను నెలలు పట్టిన పాటకి రెండు ముక్కల జబ్బు. పదిహేను నెలల్లో మొదటి నాలుగు ఆ గొంతుకి మన మాటలు నేర్పడానికే సరిపోయాయి. అది ఎక్కడో దేశం కాని దేశంలో పుట్టిన గొంతు, దానికి 'ళ' లేదు, 'ణ' అసలే లేదు, 'నీళ్ళు' అనమంటే 'నీరు'కీ 'నీలు'కీ మధ్య ఎక్కడో కాలుజారి పడేది. రెండు అక్షరాలు సగం సగం కోసి, ఒకదాని తోక ఇంకోదాని తలకి అతికించి, ఆ అతుకు మీద స్థాయిని వెంట్రుకవాసి కిందికి లాగితే, పదకొండో రోజున పలికింది, నీళ్ళు. గొణుగుడు కుర్చీలోంచి లేచి గదిలో గంతులేసింది, అమ్మ తలుపు కొట్టి ఏమైందే అని అడిగింది, ఏంలేదమ్మా, నీళ్ళు అంది తను, అమ్మ నిజంగానే గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. ఆ గొంతుకి పెట్టె మీద ఇంకేదో పేరుంది గానీ తను పెట్టుకున్న పేరు గాజుపిల్ల. గాజుపిల్లకి ఊపిరి ఉండదు, కావాలంటే మనమే పెట్టాలి, గడుల మధ్య ఖాళీ వదిలి చిన్న గాలి చప్పుడు అతికిస్తే అచ్చం మనిషే అనిపిస్తుంది. మొదట పెట్టింది. మాస్టారు నేర్పిన చోటల్లా బుద్ధిగా పెట్టింది. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ చరణంలో ఒక పిల్ల తన మాట చెప్పుకుంటూ ఉంటుంది, ఇంట్లో, బడిలో, బంధువుల మధ్య, ఎవరూ చివరిదాకా విననే వినరు. ఎక్కడ దూరతారు వీళ్ళు మాట మధ్యలోకి? తనకి తెలుసు, వేయి సార్లు చూసింది, మనం ఊపిరి తీసుకుంటామే, ఆ సందులోనే దూరతారు. అది కాదమ్మా అంటూ అక్కడే మొదలుపెడతారు. అయితే సందే లేకపోతే? ఒక్కొక్క ఊపిరే చెరిపేసింది, ఏడు ఊపిరులు, నలభై ఒక్క సెకన్లు, ఇప్పుడు దూరమను చూద్దాం ఎవరిని దూరమంటావో! మనిషి పాడలేని వరస అది. తనకీ చేత కాదు, గదిలో ఒక్కతే పాడి చూసుకుంది, ముప్ఫయ్యో సెకను దగ్గర కళ్ళు బైర్లు కమ్మాయి. మాస్టారు ఆ వరస విని గీతలు కొట్టారంటే తప్పు విన్నట్టు కాదు, సరిగ్గానే విన్నారు, అది ఊపిరి గురించే. ఆ మాట లోపల చెబుదామంటే, గొంతుకేమైందమ్మా అనే అడుగుతున్నారు తప్ప పాటలో ఏముందని ఒక్కరూ అడగలేదు.

మూడున్నర. తలుపు అవతల నవ్వులు, టీ కప్పుల చప్పుడు. అమ్మ తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని ఒక్కో తాళం పక్కకి తోస్తోంది, గొడుగుల బీరువాది, కళ్ళజోళ్ళ సొరుగుది, ఒంటి చెప్పుల గదిది. ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్ల కౌంటరు అమ్మది. అంతకు ముందు మైకు దగ్గర కూర్చునేది, ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది, ఆ సిద్ధముగా దగ్గర గొంతు ఎంత ముద్దుగా వంగేదో, చిన్నప్పుడు తనకది లాలిపాటే. తరవాత ఒక వారం అమ్మని గదిలో కూర్చోబెట్టి ఒకటి నుంచి తొంభై తొమ్మిది దాకా అంకెలు, ఊళ్ళ పేర్లన్నీ, సిద్ధముగా ఉన్నది, ఆలస్యముగా వచ్చును, అన్నీ విడివిడిగా చెప్పించుకుని దాచుకున్నారు. ఆ తరవాత మైకు దగ్గర మనిషి అక్కర్లేకపోయింది. ఇప్పుడు అమ్మ కౌంటర్లో కూర్చుని ఒంటి చెప్పులకి చీటీలు కడుతుంటే నెత్తిమీద స్పీకర్లో అమ్మే మాట్లాడుతూ ఉంటుంది రోజంతా. కింద అమ్మకి జలుబు చేస్తుంది, పైన అమ్మకి చేయదు. మీ గొంతు ఎక్కడో విన్నట్టుందండీ అని అడిగాడట ఒకాయన గొడుగు తీసుకుంటూ. ఇంట్లో అందరికీ అది జోకు, అమ్మ కూడా నవ్వుతూనే చెబుతుంది, ఎన్నిసార్లు చెప్పిందో. మరి ఆ అమ్మకి కూతురై పుట్టి ముక్కల గొంతుని నెత్తికెక్కించుకోవడం ఏమిటని తనని తాను అడక్కుండా ఉందా? అడిగింది. అందుకే ఇంతవరకు అమ్మ ముందు గాజుపిల్లని స్పీకరు పెట్టి వినిపించలేదు, ఇయర్‌ఫోన్లలోనే అణిచిపెట్టింది, అమ్మ కూడా వినిపించమని అడగలేదు. వేరే ఇళ్ళలో తల్లీకూతుళ్ళు బట్టల గురించి పోట్లాడుకుంటారు, వీళ్ళు దీని గురించి పోట్లాడుకోకుండా ఉంటారు.

"ఆ గొంతు ఎవరిదే అసలు?" అంది అమ్మ ఉన్నట్టుండి.

"ఒకావిడది. గదిలో కూర్చోబెట్టి అక్షరాలు చెప్పించుకున్నారు. అన్నీ విడివిడిగా."

"ఊఁ," అంది అమ్మ. అలా కూర్చుని చెప్పడం ఎలా ఉంటుందో తెలుసు ఆవిడకి, ఎవరూ వివరించక్కర్లేదు. కాసేపు పక్కగదిలో పిల్ల పైస్థాయికి వెళ్ళి వచ్చింది. "నేనూ రాసిచ్చానే ఇలాగే ఒక కాగితం," అంది. "ఆ రికార్డింగు అయ్యాక. గొంతు అలసిపోతోంది, దయచేసి వేరే పని ఇప్పించండి అని. అలా రాస్తేనే కౌంటరు ఇస్తామన్నారు, రాశాను, ఇచ్చారు. ఏమైంది? ఏం కొంపలు మునిగాయి? ఇల్లు నడవలేదా?"

"నీ గొంతు అలసిపోయిందా అమ్మా అప్పుడు?"

"అప్పుడా!" అమ్మ నవ్వింది, నవ్వు మొదలైంది గానీ పూర్తవలేదు. "రోజంతా చెప్పినా ఇంకా బోలెడు మిగిలేది. ఇంటికొచ్చి నీకు కథలు చెప్పేదాన్ని కాదూ."

ఆ మాట అన్నాక అమ్మ తాళాలు తోయడం ఆపేసింది. గొణుగుడుకి కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు ముందు, బస్ స్టేషను మీదా, అమ్మ మీదా, అంత బాగా చెప్పే మనిషి చేత గొంతు అలసిందని రాయించిన ఆ మొహం తెలియని పెద్దమనిషి మీదా. పదేళ్ళుగా తను అనుకుంటున్నది ఏమిటి, అమ్మ కుర్చీ లాక్కున్నది యంత్రమని. అదేం కాదు, యంత్రానికి ఏం కావాలి, అంకెలిస్తే అంకెలు చెబుతుంది. కుర్చీ లాక్కున్నది కాగితం. గొంతూ తీసుకుని, ఆ గొంతుతో చెప్పని అబద్ధం చేత్తో రాయించుకుని, అడుగున సంతకం పెట్టించుకున్న కాగితం. ఇప్పుడు అలాంటిదే ఇంకోటి తన ఒళ్ళో ఉంది, అప్పటిలాగే మర్యాదగా, మార్జిన్లు కొట్టి, రెండు గీతలు వదిలి. ఒళ్ళు మండిపోయింది.

రాస్తే ఏమవుతుందో చూడు. రేపు హాల్లో లైట్లు ఆర్పి మేడమ్ మైకు అందుకుంటుంది, తీవ్రమైన గొంతు సమస్యను జయించి ఈ చిన్నారి, అంటుంది, చిన్నారి అని కూడా అంటుంది చూస్తూ ఉండు, హాలంతా అయ్యో అని ఒక్క నిట్టూర్పు విడుస్తుంది, అప్పుడు గాజుపిల్ల పాడుతుంది, ఎవరూ వినరు, అందరూ తన మెడవైపు చూస్తుంటారు ఆపరేషను మచ్చ ఎక్కడుందా అని. చప్పట్లు లేచి నిలబడి కొడతారు. తను వేదిక దిగుతూ పొరపాటున థాంక్స్ అని గట్టిగా అనకూడదు. దగ్గాలి. రేపే కాదు, ఎప్పుడూ, మార్కెట్లో మేడమ్ కనబడితే దగ్గాలి, బస్సులో నవ్వు వస్తే నోరు మూసుకుని నవ్వాలి, పక్కబెంచీ పిల్లతో పోట్లాడాల్సొస్తే సైగలతో పోట్లాడాలి. ఏ జబ్బు రాయాలో కూడా చూసింది ఇందాక ఫోన్లో, సిగ్గులేకుండా, నాలుగు జబ్బులు చూసి ఒకటి ఎంచుకుంది కూడా, రాయడం మొదలుపెట్టలేదు గానీ పెన్ను మూత తీసింది, ఎందుకంటే పాట వేదిక ఎక్కాలని లేకనా? ఉంది. చచ్చేంత ఉంది. ఆ హాల్లో ఆ స్పీకర్లలో ఆ నలభై ఒక్క సెకన్లు ఎలా ఉంటాయో తలుచుకుని పదిహేను రోజులుగా నిద్రపోలేదు. అత్తయ్య వస్తుంది, పెదనాన్న వస్తాడు, ఒకసారి చివరిదాకా వింటారు, మధ్యలో అడ్డురావడానికి సందు దొరకదు. అదంతా ఈ రెండు గీతలకి అవతల ఉంది. కానీ గాజుపిల్ల ఊతకర్ర అయిపోతుంది కదా. పదిహేను నెలలు కూర్చోబెట్టి నీళ్ళు అనడం నేర్పింది కుంటికాలికి కట్టుకోవడానికా? తన కాలు కుంటి కాదు. తన గొంతు ఏ లోటూ లేక ఇంట్లో ఊరికే కూర్చుంది, అది దాని ఇష్టం. పాడగలిగి పాడకపోవడం ఉంది చూశారూ, అదొక్కటే ఇప్పటిదాకా ఈ గొంతుతో తను చేసిన సొంత పని, దాన్ని తీసుకెళ్ళి జబ్బుల్లో కలిపేస్తే ఇక తనకంటూ మిగిలేదేంటి? పెన్ను కాగితం మీద ఆనించింది, వెనకాముందూ చూసుకోలేదు, ఎప్పుడూ లేనంత గుండ్రంగా రాసింది.

"ఏం రాశావ్?" అంది అమ్మ.

చూపించింది. 'కారణం: ఏమీ లేదు. గొంతు బాగానే ఉంది. పాడను. ఈ పాట నేను చేశాను, ఆమె పాడింది.'

అమ్మ చదివింది. పెదాలు కదుపుతూ ఇంకోసారి చదివింది, మైకు ముందు కూర్చునే రోజుల్లో కొత్త ఊరి పేరు వస్తే అలాగే చదువుకునేదట. తిడుతుందనుకుంది గొణుగుడు. తిట్టలేదు, పెన్ను కూడా అడగలేదు, లేచి చొక్కా కిందికి లాక్కుని గరుకు అద్దం తలుపు తానే తోసింది. ఇంకా నాలుగు కాలేదు.

లోపల మేడమ్ ఒక్కతే కాదు, సంగీతం మాస్టారు కూడా ఉన్నారు, కిటికీ పక్కన, టీ కప్పు పట్టుకుని. నాలుగేళ్ళ తరవాత ఆయన్ని ఇంత దగ్గరగా చూడటం, జుట్టు పూర్తిగా నెరిసింది, జాలేసింది తనకి, జాలి వేయకూడదని గట్టిగా అనుకుంది. మేడమ్ కాగితం తీసుకుని చదివి మాస్టారికి అందించింది. ఆయన చదివి తలెత్తి, మెల్లిగా అడిగారు, "పాడలేవా అమ్మా?"

"పాడగలను మాస్టారూ."

"మరి?"

"పాడను."

"ఇదేం మొండితనమమ్మా," అంది మేడమ్ అమ్మ వైపు తిరిగి. "మంచికే కదా చెప్పాం, దారి కూడా మేమే చూపించాం. మీరు పెద్దవాళ్ళు, మీరైనా చెప్పండి. ఇంకో కాగితం ఇస్తాను, గొంతు ఇబ్బంది అని మీరే రాసి సంతకం చేయండి, సరిపోతుంది."

"రాయనండీ," అంది అమ్మ. స్టేషన్లో పైనుంచి వినిపించే గొంతు కాదది, ఇంట్లో కూరలు తరుగుతూ మాట్లాడే గొంతు, కొంచెం వణికింది కూడా. "ఒకసారి రాశాను ఇలాంటిది, నాకు. పిల్లకి రాయను."

మేడమ్‌కి అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. సొరుగులోంచి దరఖాస్తుల కట్ట తీసి నలభై మూడు వెతికింది. "అయితే పోటీ నుంచి తీసేసినట్టే. మళ్ళీ మమ్మల్ని అనొద్దు," అంటూ ఎర్ర పెన్ను అందుకుంది. గొణుగుడు బల్ల దగ్గరికి జరిగింది. పంపిన వాళ్ళ పేరు అన్న గడిలో తన పేరు. ఎర్ర గీత దాని మీదుగా వెళ్ళిపోయింది. మేడమ్ కాగితం మడవబోయింది.

"కింద గడిలో ఇంకో పేరుంది మేడమ్. అదీ కొట్టేయండి. ఇద్దరం కలిసే వచ్చాం."

మేడమ్ ఒక చూపు చూసి గాయని అన్న గడి మీద కూడా గీత గీసింది, ఈసారి పెన్ను కాగితాన్ని గీరింది. మాస్టారు టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేశారు. ఆయన ఏదో అంటారని ఒక్క క్షణం ఆశపడింది తను. ఆయన జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నారు.

అమ్మ ముందుకి వంగింది. గడుల బయట, అంచున, గొణుగుడు చిన్న అక్షరాలతో రాసిన వరస ఒకటుంది, 'గొంతు ఇచ్చినావిడ' అని, పక్కన ఒక పేరు, ఇక్కడెవరికీ నోరు తిరగని పరాయి దేశపు పేరు. అమ్మ దాని మీద వేలు పెట్టి పైకి చదివింది, ఒక్కచోట కూడా తడబడలేదు, చివర్న గొంతు కొంచెం వంగింది.

"ఇదెవరు?" అంది మేడమ్. "దీనికి గడి లేదు కదా. పోటీకి దీంతో సంబంధం లేదు."

"గడి లేదు కాబట్టే పక్కన రాసింది మా అమ్మాయి," అంది అమ్మ. "రాసిన పేరు కదండీ, లేదనడానికి లేదు. తీసేస్తే ఆవిడ్ని కూడా తీసేయాలి. కొట్టండి."

మేడమ్ మాస్టారి వైపు చూసింది. మాస్టారు కిటికీ వైపు చూశారు. ఎర్ర పెన్ను ఆ చిన్న అక్షరాల మీద గాలిలో నిలబడిపోయింది, మూత పెట్టడమా, గీత గీయడమా తేలక. పక్కగదిలో పాట అయిపోయింది.

"సరే, ఇక మీరు వెళ్ళొచ్చు," అంది మేడమ్.

అమ్మ కుర్చీ లాక్కోలేదు, తలుపు వైపూ తిరగలేదు. గొణుగుడు వచ్చి పక్కన నిలబడింది, భుజానికి భుజం ఆనించి.

"కొట్టాక వెళతాం," అంది అమ్మ.